చాకు చేతికివ్వకూడదు

ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా ఆవిడ నన్ను ‘మీరు’ అంటోంది. అంతకుముందు ముప్పై ఏళ్లూ ‘నువ్వే’. ‘ఏందయ్యా’ అని మొదలుపెట్టేది, ‘నీ మొహం’ అని ముగించేది. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు ముందు మర్యాదకి ‘వీరికి’ అంది. డిశ్చార్జి చేశాక ఆ మర్యాద కూడా మందుల సంచితోపాటు నరసరావుపేట వచ్చేసింది. ఏడు నెలలైనా ఇంట్లోంచి పోలేదు.

మాది కాలిపోయిన మోటార్లకు వైండింగ్ కట్టే పని. ఇంటి ముందుగదే షాపు. మాడిన తీగంతా పీకేసి కొత్త రాగి తీగ చుట్టాలి. ఆ చుట్టల్ని మోటారు లోపలి గాడుల్లోకి దించేది నేను. దించినవాటిని తెల్లటి నూలు టేపుతో బిగించి కట్టేది ఆవిడ. ఆమె వేసిన ముడి మోటారు తిరిగినన్నాళ్లూ ఊడదు, ఆ సంగతి బెల్లంకొండ రైతులకు కూడా తెలుసు. మా ఇద్దరి మధ్య ఒక చెక్కబల్ల, బల్ల మీద ఒక మడతచాకు. కాగితం కొయ్యడానికీ, తీగ మీద పూత గీకడానికీ, గాడుల్లో బిగించే వెదురు బద్దలు చెక్కడానికీ అదొక్కటే. సాయంత్రం మడిచి జేబులో వేసుకునేవాణ్ణి. పొలాల మీదికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా అది నా జేబులోనే ఉండేది.

ఆ చాకుకి మా ఇంట్లో ఒక నియమం ఉంది. చేతికివ్వకూడదు. బల్ల మీద పెట్టాలి, కావలసినవాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే తగువులొస్తాయని వాళ్లమ్మ చెప్పిందట. పెళ్లయిన కొత్తల్లో నవ్వాను. తర్వాత అలవాటైపోయింది. చేతికివ్వకుండానే మేము రోజుకు రెండు తగువులు పడేవాళ్లం. ఇచ్చుకుని ఉంటే ఏమయ్యేదోనని ఇరుగుపొరుగు వాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

ఆ రోజు ఎండలు ముదిరి ఉన్నాయి. వోల్టేజీ చాలక మోటార్లు వరసపెట్టి కాలే రోజులవి. నా రెండు చేతులూ మోటారు లోపల ఉన్నాయి. చాకు అడిగాను. ఆవిడ బల్ల మీద పెట్టింది. “తీసుకునే తీరుబడి యాడుంది, ఇటియ్యి” అని కసిరాను. ఇచ్చింది, చేతికే. తర్వాత కాసేపటికి దేనికో మాటామాటా పెరిగింది. పచ్చడి జాడీకి మూత ఎవరు పెట్టలేదన్న సంగతి అనుకుంటాను. ఆమె ఇంకా తిడుతూ ఉండగానే చాకు కింద పడింది. చాకు జారిందనుకుని వంగబోయాను. జారింది చాకు కాదు, చెయ్యి.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది బీపీ బిళ్లల గురించి. వేసుకుంటున్నారా అంటే మా ఆవిడ నాకు బదులు జవాబు చెప్పింది. “రోజూ పొద్దున్నే నేనే చేతికిస్తానండీ వీరికి” అంది. నిజమే, ఇచ్చేది. నేనే మింగలేదు. ఆ బిళ్ల వేసుకుంటే తల తూలినట్టుండేది, సన్నపని సాగేది కాదు. చెబితే గోల చేస్తుందని చెప్పకుండా రెండు నెలలపాటు రోజూ దాన్ని వెదురు బద్దల డబ్బాలో పడేశాను. డాక్టరు అడిగినప్పుడు నా మూతి వంకరపోయి ఉంది, మాట రాలేదు. నెలకల్లా మాట వచ్చింది. అప్పుడూ చెప్పలేదు.

ఆవిడ లెక్క ఆవిడ కట్టుకుంది. ఒకరోజు పెరట్లో వాళ్లక్కతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. “నా చేత్తోనే ఇచ్చానక్కా. ముప్పై ఏళ్లు ఇయ్యనిదాన్ని, ఆ పొద్దు ఇచ్చా. ఇచ్చి, ఊరుకోకుండా తిట్టా” అంటోంది. నేను గదిలో మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాను. లేచి వెళ్లి ఒక్కమాట చెబితే సరిపోయేది. లేవలేదు. నాకు సిగ్గేసిందని రాయాలని ఉంది గానీ అది అబద్ధం. ఆ రోజుల్లో చేతితోపాటు సిగ్గు కూడా మొద్దుబారింది.

కాలు కాస్త ఈడ్చినా త్వరగానే దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం అలాగే ఉంది. సంచి తగిలిస్తే మోస్తుంది, వేళ్లతో దేన్నీ పట్టుకోలేదు, కబురు చెప్పదు. వేడి గ్లాసు తగిలినా, ఐసు ముక్క తగిలినా దానికి ఒకటే. ఇంట్లో మనిషి కూడా అలాగే అయింది. కూరలో ఉప్పెక్కువైందంటే “మారుస్తానండీ” అంటుంది. ఏ ఛానల్ పెట్టినా చూస్తుంది. గుంటూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేస్తే “నాన్నగారు బాగున్నారు” అని నా పక్కనే కూర్చుని చెబుతుంది. నేను బాగున్నానో లేదో నన్నెవరూ అడగరు. తిట్టేవాళ్లు లేని ఇల్లు హాయిగా ఉంటుందని అనుకునేవాణ్ణి. అనుభవించి చెబుతున్నాను, అది రైలు తప్పినవాళ్లు కూర్చునే గదిలా ఉంటుంది.

మళ్లీ బల్ల దగ్గర కూర్చోవాలనుకున్నాను. మొదటిరోజే చాకు తెరుచుకోలేదు. మా పాత చాకుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి గోరుని అలుగు మీది, అంటే కోసే రేకు మీది, గాడిలో పెట్టి లాగాలి. నాకున్నది ఎడంచెయ్యి ఒక్కటే. పళ్లతో పట్టుకుని లాగుతుంటే ఆవిడ చూసింది. ముందటి మనిషైతే “కుక్క ఎముక కొరికినట్టు ఏందయ్యా అది” అనేది. ఇప్పుడు చాకు తీసుకుని, తెరిచి, బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది. చంటిపిల్లాడికి అన్నం కలిపి ముద్ద పెట్టినట్టుంది నాకు. మర్నాటి నుంచీ నేను వచ్చేసరికే చాకు తెరిచి బల్ల మీద ఉండేది.

వంటింట్లో మడవని కత్తులు లేవా అని మీకు అనిపించవచ్చు. ఉన్నాయి, వాటితో పని కూడా అవుతుంది. కానీ వాటిని జేబులో వేసుకుని పొలానికి పోలేను. అదీ కాక, నా జేబులోని చాకు నేను తెరుచుకోవాలి. మొండితనం అంటే మొండితనమే. తెరుచుకోగలిగిన రోజున ఆవిడకి నిజం చెబుతానని నాలో నేను ఒక ఒప్పందం పెట్టుకున్నాను. చెప్పకుండా ఉండటానికి అదొక మంచి ఏర్పాటు, ఎందుకంటే చాకు తెరుచుకునేది కాదు.

బజారులో కత్తులూ కత్తెరలూ అమ్ముతూ సానబట్టే సాయిబుగారి దగ్గరికి వెళ్లాను. మా పాత చాకు కూడా ఆయన దగ్గర కొన్నదే. నా చెయ్యి చూసి అయ్యో అననిది ఆయనొక్కడే. “ఏ చెయ్యి మేస్త్రీ, కుడిదేనా? అయితే ఎడమదానికి పని చెప్పు, ఇన్నాళ్లూ తిని కూర్చుంది” అన్నాడు. గాజుబల్ల మీద చాకులన్నీ పరిచాడు. కొమ్ము పిడి, కర్ర పిడి, రేకు పిడి. అన్నిటికీ గోరుతో లాగే గాడే. ఒంటిచేత్తో తెరుచుకునేది లేదా అని అడిగాను.

“బటన్ నొక్కితే బయటికొచ్చేది ఉంటది. అది నేనమ్మను. ఈ పక్క ఊళ్లల్లో అది జేబులో ఏసుకున్నోడికి మోటార్ల పని ఉండదు, వేరే పని ఉంటది” అన్నాడు. “ఫోన్లో చూడు. బొటనేలితో నెట్టేటియ్యి వస్తన్నయ్యంట.”

ఆయన చాకుల్ని నా చేతికే ఇస్తున్నాడని అప్పుడు గమనించాను. మా ఇంటి నియమం చెప్పాను. ఆయన నవ్వి, “చేతికిస్తే తగువులొచ్చే పనైతే ఈపాటికి పేటంతా నాతో తగువులో ఉండాల” అన్నాడు. నేను కూడా నవ్వాను. నవ్వినట్టు మొహం పెట్టాను అనాలేమో.

ఇంటికొచ్చి ఫోన్లో ఎడమ బొటనవేలితో వెతికాను. అదొక లోకం. రోజూ జేబులో ఉండే చాకుని ‘ఎవ్రీడే క్యారీ’ అంటారట. ముప్పై ఏళ్లుగా చేస్తున్నదే, దానికో పేరుందని తెలియదు. ఆ పైన ‘టాక్టికల్’ అని మరో రకం ఉంది. నల్లటి అలుగు, పిడి చివర కారు అద్దం పగలగొట్టే మొన, సీటు బెల్టు కోసే కొక్కెం. నాకు కారు లేదు. అడవిలో చిక్కుకుంటే, మంచులో చిక్కుకుంటే, శత్రువు చేతిలో చిక్కుకుంటే పనికొస్తుందని రాశారు. మోటారు గాడిలో చిక్కుకున్నవాడి గురించి ఎవరూ రాయలేదు. అయినా ఒకదాని బొమ్మ కింద ‘ఒంటిచేత్తో, ఒక్క క్షణంలో’ అని ఉంది. అదే తెప్పించాను.

పెట్టె విప్పి మా ఆవిడకి చూపించాను. “టాక్టికల్ అంటే ఏందండీ?” అంది. యుద్ధాల్లో వాడతారని చెప్పాను. ముందటి మనిషైతే ఎవరి మీదికి యుద్ధమని అడిగేది, పచ్చడి జాడీ మీదికా అనేది. ఇప్పుడు చాకు వైపు చూసి, “బాగుందండీ” అని లోపలికి వెళ్లిపోయింది.

చాకు తెరుచుకోలేదు. అలుగు మీద బొటనవేలు పెట్టి నెట్టే బొడిపె ఒక పక్కనే ఉంది. కుడిచేత్తో పట్టుకుంటే అది బొటనవేలి కిందికి వస్తుంది. ఎడంచేత్తో పట్టుకుంటే అవతలి పక్కకి, మిగతా వేళ్ల కిందికి పోతుంది. కుడిచెయ్యి పడిపోయినవాడు కుడిచేతి వాళ్ల చాకు కొనుక్కున్నాడు. మోటారు ఎటు తిరుగుతుందో చూడకుండా కనెక్షన్ ఇచ్చినవాణ్ణి నేను ఎన్నిసార్లు తిట్టి ఉంటానో. తిరిగి పంపడానికి మనసొప్పలేదు. జేబులో వేసుకుని తిరిగాను.

ఎన్నికల ముందు రోజులవి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో ఒక మోటారు వింత చప్పుడు చేస్తోందని పాత బేరస్తుడు కబురు చేశాడు. చెయ్యి లేకపోయినా చెవి ఉంది కదా, వచ్చి విని చెప్పమన్నాడు. ఆటోలో బయల్దేరాను. దారిలో పోలీసులు ఆపి అందర్నీ దింపి సంచులూ జేబులూ తడుముతున్నారు. నా జేబులోంచి నల్లచాకు బయటికొచ్చింది. ఆటోలో వచ్చినవాళ్లంతా ఒక అడుగు వెనక్కి జరిగారు.

అబద్ధం ఎందుకు, ఏడు నెలల్లో ఆ ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. నన్ను చూసి ఎవరో జంకారు.

“ఎలక్షన్ల టైములో జేబులో ఈ కత్తేంది పెద్దాయనా? ఏ పార్టీ?” అన్నాడు కానిస్టేబులు. వైండింగ్ పనికని చెప్పాను. “ఈ నల్లకత్తితోనా? యాదీ, తియ్యి చూద్దాం” అని నా చేతికిచ్చాడు. ఎడంచేత్తో పట్టుకున్నాను. బొటనవేలు పిడి మీద అటూ ఇటూ తారాడింది. కుడిచేతిని సాయం తెచ్చుకుంటే అది పక్కన ఊరికే ఆనుకుంది. కానిస్టేబులు నా చేతిని చూశాడు, కాలిని చూశాడు. చాకు తీసుకుని తన బొటనవేలితో టక్కున తెరిచి, మడిచి, నా చొక్కా జేబులో తనే పెట్టాడు. జేబు మీద చిన్నగా తట్టాడు కూడా.

“పోండి పెద్దాయనా. జాగర్త, మెల్లగా ఎక్కండి” అన్నాడు.

వెనక్కి జరిగినవాళ్లే ముందుకొచ్చి, చెయ్యి పట్టి ఆటో ఎక్కించి, గాలి తగిలే సీటు ఇచ్చారు. పల్నాడులో పుట్టి, ఎన్నికలప్పుడు, జేబులో యుద్ధం చాకుతో దొరికి కూడా అనుమానానికి పనికిరాకుండా పోయాను. సున్నపు బట్టీలో మోటారు చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ, “పోనీలెండి, వదిలేశారుగా” అంది. అంతే.

మర్నాడు రెండు చాకులూ తీసుకుని సాయిబుగారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆయన నల్లచాకుని తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. పాతదాన్ని తీసుకుని అలుగు మొదట్లో బెజ్జం వేసి, ఎడమ బొటనవేలికి అందేవైపు చిన్న ఇత్తడి గుబ్బ బిగించాడు. కీలు కాస్త వదులు చేశాడు. “నల్లదాంతో కూరగాయలు కోయించు. ఇది నీ చాకు. పది రోజులు తిప్పలు పెడతది, తర్వాత మాటింటది” అన్నాడు.

ఆ తిప్పల్లోనే జరిగింది. పొద్దున్న పది గంటలప్పుడు బల్ల దగ్గర కూర్చుని, ఆవిడ తెరిచి పెట్టిన చాకుని బల్లకేసి నొక్కి మడిచి, ఆసరాకి కుడిచేతిని చాకుకి ఆనించి, ఎడమ బొటనవేలితో గుబ్బని నెట్టాను. అలుగు సగం లేచింది, మళ్లీ నెట్టాను. వదులు కీలు కదా, ఒక్కసారిగా తిరిగింది. తెరుచుకుందనే సంతోషంలో నేను అలుగునే చూస్తున్నాను. ఎదురుగా ఆవిడ చేతిలో టేపు ఆగిపోయింది.

“రక్తం” అంది.

కుడి అరచేతి అంచున లోతుగా తెగింది. బల్ల మీద కారుతోంది. నాకు తెలియనే లేదు. ఆవిడ వచ్చి, గుడ్డతో అదిమి పట్టి, మోటారు చుట్టలకు కట్టే తెల్లటేపు తీసుకుని నా చేతికి చుట్టడం మొదలుపెట్టింది. నాతో కాదు, తనలో తనే అంటోంది. “ఈసారి బల్లమీదే పెట్టానే. చేతికియ్యలేదే నేను. బల్లమీదే పెట్టానే.”

అది విన్నాను. చెయ్యి తెగితే తెలియనివాడికి ఆ మాట తెలిసింది. చాకు కూడా తెరుచుకుంది కదా, ఇక సాకు లేదు.

“ఆ డబ్బా దించు” అన్నాను.

“ఏ డబ్బాండీ?”

“బద్దల డబ్బా. బోర్లించు.”

కట్టు ముడివేసి, డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. వెదురు బద్దలు పడ్డాయి. వాటి మధ్య తెల్లటి చిన్న బిళ్లలు పడ్డాయి, కొన్ని దొర్లి నేల మీదికి పోయాయి. వాటిని చూస్తూ నిలబడింది.

“ఏందివి?”

“నువ్వు పొద్దున్నే చేతికిచ్చినయ్యి. ఎండాకాలంలో. నేను మింగలేదు. చాకు వల్ల కాదు, వీటివల్ల.”

ఒక బిళ్ల తీసి చూసింది, కింద పెట్టింది. వీధిలో ఉల్లిపాయల బండి మైకు అరుచుకుంటూ వెళ్లిపోయింది.

“ఏందయ్యా” అంది.

ఏడు నెలల తర్వాత ఆ మాట విన్నాను. అది ప్రేమగా అన్న మాట కాదు. ఆ కళ్లు చూస్తే కానిస్టేబుల్ని పిలవాలనిపించింది.

“నేను ఏడు నెలల్నుంచి ఈ చేతుల్ని చూసుకొని ఏడస్తన్నా. కూర కలిపితే భయం, నీ చొక్కా ముట్టుకుంటే భయం. నువ్వు ఆ డబ్బా పక్కనే కూర్చొని చూస్తన్నావు. నీకు నోరు రాలా? డాక్టరు ముందు నన్ను అబద్ధాలకోరుని చేసి కూర్చోబెట్టావు గదయ్యా!”

“చెబ్దామనే...”

“ఎప్పుడు? నా దినం రోజునా?”

ఆ తర్వాత ఆమె అన్నవన్నీ రాయలేను. కొన్ని మా అమ్మానాన్నల గురించి. బిళ్లలన్నీ చీపురుతో ఊడ్చి మురిక్కాలవలో పోసింది. లోపలికి వెళ్లింది, మర్చిపోయిన తిట్టు గుర్తొచ్చి మళ్లీ బయటికొచ్చింది. మధ్యలో కొంగుతో కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూ కూడా ఆపలేదు. పక్కింటి పిన్ని గుమ్మంలోకి వచ్చి, పరిస్థితి చూసి వెళ్లిపోయింది. నేను నొప్పి లేదులే అని చెయ్యి చూపించబోయాను. “కందకు లేని దురద కత్తిపీటకెందుకంటావు, అంతేగా? నీ చేతికి నొప్పి లేకపోతే నాకుంది” అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఏడిస్తే ఊరుకుంటుందేమో అనుకున్నాను, ఊరుకోలేదు.

చివరికి అలిసిపోయి ఎదురుగా కూర్చుంది. బల్ల మీద చాకు తెరిచే ఉంది, అంచున రక్తం ఎండిపోయింది. దాన్ని తీసుకుంది, గుడ్డతో తుడిచింది, మడిచింది. బల్ల మీద పెడుతుందనుకున్నాను. నా ఎడంచెయ్యి లాగి, అరచేతిలో ఠపీమని పెట్టింది.

“తియ్యి. ఆ చచ్చు చెయ్యి ఎనక్కి పెట్టుకొని తియ్యి.”

“చేతికిచ్చావే” అన్నాను.

“ఇచ్చా. వచ్చే తగువులేవో రానీ. నేనిక్కడే ఉంటాగా.”

కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. ఇత్తడి గుబ్బ మీద బొటనవేలు పెట్టి నెట్టాను, జారింది. మళ్లీ నెట్టాను. ఆవిడ టేపు ఉండ తీసుకుని పొద్దున్న సగంలో ఆపిన చుట్టకు ముడి వేస్తూ, ఓరకంట చూస్తోంది. మూడోసారికో నాలుగోసారికో అలుగు మెల్లగా లేచి నిలబడింది.

“దీనికింత సేపా?” అంది. “నీతో ఏ పనైనా ఇంతే.”